ఎముకలోని లోహానికి కళాయి

మా అమ్మమ్మగారి ఇంట్లో, అటక మీద, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన ట్రంకుపెట్టె ఒకటి ఉండేది. పాత దస్తావేజులు, ఎవరివో కళ్ళజోళ్ళు, చెల్లిపోయిన రసీదులు, వాటన్నిటి అడుగున పంచెగుడ్డలో చుట్టిన ఒక ఉక్కు కడ్డీ. పొడవు దాదాపు రెండు జానలు. లోపల బోలు. కొస వైపునుంచి చూస్తే మారేడు దళంలా మూడు రేకులు కనిపిస్తాయి. రెండు కొసల దగ్గరా కొక్కెం పట్టడానికి సన్నని కన్నం. అది మా పెదమామయ్య కుడి తొడ ఎముకలో మూడేళ్ళు కాపురమున్న కడ్డీ.

1984లో వడ్లబస్తాల ట్రాక్టరు తిరగబడి ఆయన తొడ విరిగింది. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చింది. పట్నంలో శస్త్రచికిత్స చేసి, ఎముక మధ్యనున్న మూలుగ గుండా ఈ కడ్డీని దించారు. నెల తిరక్కుండానే గాయం పక్కన చిన్న రంధ్రం పడి చీము కారడం మొదలైంది. సూదిమందులు వేసినంతకాలం ఆగేది, ఆపగానే మళ్ళీ కారేది. వైద్యుడు మా అమ్మమ్మతో అన్న మాటలు మా ఇంట్లో సామెతలా మిగిలిపోయాయి: "ఆ ఇనుము లోపలున్నంతకాలం చీము ఆగదమ్మా. తీసేస్తే ఎముక నిలవదు."

చాలాకాలం ఆ మాట నాకు అర్థం కాలేదు. ఒంట్లో ఎక్కడ చీము పట్టినా తగ్గించే మందు, ఇనుము పక్కన మాత్రం ఎందుకు ఓడిపోతుంది? ఆ ప్రశ్న వెంటబడి పోతే తేలినదేమిటంటే, ఆ వైద్యుడు రెండే వాక్యాలలో చెప్పిన చిక్కుతో ప్రపంచంలోని శస్త్రవైద్యులు నూరేళ్ళకు పైగా పెనుగులాడారు. దానికి ఇప్పటికి దొరికిన జవాబు, పూర్తి జవాబు కాకపోయినా, లోహం మీద పూసే పలుచని పింగాణీ పూత. వైద్యమిత్రులకు ఇందులో కొత్త ఏమీ ఉండదు. తక్కినవారి కోసం ఈ కథ.

పూత అనగానే మనకు ముందుగా గుర్తు రావలసినది కళాయి. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము పడుతుంది. అందుకని కళాయివాడి కేక వినబడగానే అమ్మలక్కలు గిన్నెలు పట్టుకొని వీధిలోకి వచ్చేవారు. గిన్నెను కొలిమి మీద కాచి, నవాసాగరం చల్లి, తగరం రాసి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా మెరిసేది. గిన్నె బలం ఇత్తడిది, పులుసుతో మాట్లాడే ముఖం తగరానిది. ఎముకలో పెట్టే లోహానికి కూడా సరిగ్గా ఇదే కావాలి: బరువు మోసే పని లోహం చూసుకుంటే, ఎముకతోనూ రక్తంతోనూ మాట్లాడే ముఖం వేరొకటి ఉండాలి. ఈ సంగతి గ్రహించడానికి ఎందుకంత కాలం పట్టిందో చూద్దాం.

మొదట గాయంలో చీము ఎందుకు పడుతుందో తెలియాలి గదా. 1865 ఆగస్టు 12న గ్లాస్గో నగరంలోని రాయల్ ఇన్ఫర్మరీకి బండిచక్రం కింద కాలు పడిన పదకొండేళ్ళ కుర్రవాడిని తెచ్చారు. పేరు జేమ్స్ గ్రీన్‌లీస్. ఎముక విరిగి పైన చర్మం కూడా తెగింది. ఆ రోజుల్లో అటువంటి కాలిని తీసివేయడం, లేకపోతే కుర్రవాడి ప్రాణం మీద ఆశ వదులుకోవడం, ఈ రెండే దారులు. జోసెఫ్ లిస్టర్ ఆ గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డతో కప్పాడు. ఆరు వారాలకు కుర్రవాడు తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళాడు. 1867లో లిస్టర్ ఈ వృత్తాంతాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. పదేళ్ళ తరువాత, 1877లో, లండనులో ఆయన ఇంకొక సాహసం చేశాడు. విరిగిన మోకాటిచిప్పను తెరిచి, దాని రెండు ముక్కలను తీగతో కుట్టాడు. చర్మం చెక్కుచెదరని కీలును కావాలని కోసి తెరవడం అప్పటి వైద్యుల దృష్టిలో హత్యతో సమానం. ఆ తీగ వెండిది. వెండిని ఎంచుకున్నది మెత్తగా వంగుతుందనే గాని, వెండికి సూక్ష్మజీవులను చంపే గుణముందని కాదు. ఈ వెండి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

లిస్టర్ ధైర్యం ఇచ్చాక ఎముకలోకి పరాయి వస్తువులు దించడం మొదలైంది. ఈ వరుసలో నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసినది థెమిస్టోక్లిస్ గ్లూక్ కథ. 1890 మే నెలలో బెర్లినులో ఈయన ఒక రోగికి ఏనుగు దంతంతో చేసిన మోకాటికీలును అమర్చాడు. తరువాత తక్కిన కీళ్ళకు కూడా అలాగే చేశాడు. తొలి వారాలలో ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నొప్పి పోయింది, కీలు కదిలింది. కాని గ్లూక్ ఎంచుకున్న కీళ్ళలో చాలావాటికి క్షయ సోకి ఉంది. లోపల నిద్రపోతున్న ఆ సూక్ష్మజీవులు లేచాయి. చీము కారింది, దంతపు కీళ్ళను తీసివేయవలసి వచ్చింది. ఆయన గురువు ఎర్నెస్ట్ ఫాన్ బెర్గ్‌మన్ ఈ పనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. 1891 నాటికి గ్లూక్ స్వయంగా వెనక్కి తగ్గాడు. కృత్రిమమైన కీలు అనే ఆలోచన మళ్ళీ తల ఎత్తడానికి దశాబ్దాలు పట్టింది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఏనుగు దంతంలోని ఖనిజం, మన ఎముకలోని ఖనిజం ఒకే జాతివి. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీఅపటైట్. అంటే గ్లూక్, తనకు తెలియకుండానే, శరీరానికి అత్యంత ఆప్తమైన పదార్థాన్ని తెచ్చి లోపల పెట్టాడు. శరీరం దాన్ని వెళ్ళగొట్టలేదు కూడా. అయినా ఓడిపోయాడు. ఎముకకు నచ్చినంత మాత్రాన చాలదు, సూక్ష్మజీవికి నచ్చకుండా కూడా ఉండాలన్న పాఠం 1891లోనే అక్కడ రాసి ఉంది. చదివినవారు లేరు.

తరువాతి యాభై ఏళ్ళు లోహాలవి. లండను వైద్యుడు విలియమ్ ఆర్బత్‌నాట్ లేన్ ఉక్కుపట్టీలు, మరలతో ఎముకలను బిగించాడు. గాయంలోకి పోయే ఏ వస్తువునూ చేతితో తాకకుండా, పొడుగాటి పనిముట్లతోనే శస్త్రచికిత్స చేసేవాడు. చీము తగ్గింది గాని పట్టీలు తుప్పు పట్టాయి. 1930లలో టెక్సాస్ వైద్యులు వెనబుల్, స్టక్ శరీరద్రవాలలో రెండు వేర్వేరు లోహాలు పక్కపక్కనుంటే బ్యాటరీలా విద్యుత్తు పుట్టి చుట్టూ ఉన్న ఎముక తినివేయబడుతుందని చూపి, కోబాల్టు, క్రోమియం కలిసిన వైటాలియం అనే మిశ్రలోహాన్ని ముందుకు తెచ్చారు. 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ క్యూన్ట్‌షర్ మూలుగ గుండా దించే కడ్డీని తొలిసారి వాడాడు. యుద్ధఖైదీలుగా ఉండి ఇళ్ళకు తిరిగివచ్చిన సైనికుల తొడలను ఎక్స్‌రే తీసినప్పుడు మిత్రరాజ్యాల వైద్యులు ఈ కడ్డీలను చూసి నివ్వెరపోయారట. మా ట్రంకుపెట్టెలోని మారేడు దళపు కడ్డీ ఆ వంశానిదే. మనదేశపు ఆసుపత్రుల్లో దాన్ని దశాబ్దాలపాటు కె-నెయిల్ అనే పిలిచారు.

ఇక టైటానియం. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేళ్ళ కాలి ఎముకలో రక్తప్రసారాన్ని చూడడానికి టైటానియంతో చేసిన చిన్న గొట్టాన్ని అమర్చాడు. ప్రయోగం అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో తొలిసారి ఒక మనిషి దవడలో టైటానియం మరలు దించి వాటి మీద పళ్ళు కట్టాడు. లోహానికి ఇంత ఆదరణ ఎలా దొరికిందని ఆరా తీస్తే తేలినదేమిటంటే, గాలి సోకిన మరుక్షణంలోనే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఎముక ముట్టుకునేది ఆ పొరనే. ఆక్సైడు అంటే పింగాణీ జాతిదే గదా! ఆ విధంగా టైటానియం సహజంగానే కళాయి వేసుకొని పుట్టిన లోహం.

లోహం కుదిరింది, ఎముక ఒప్పుకుంది. చీము మాత్రం పోలేదు. 1962 నవంబరులో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ ఇప్పటి తుంటికీలు మార్పిడికి పునాది వేశాడు. ఆయన తొలినాళ్ళ రోగులలో సుమారు 7 శాతం మందికి చీము పట్టింది. దోషం గాలిదని చార్న్‌లీ తీర్మానించుకొని శస్త్రచికిత్స గదిలోనే అద్దాల గదివంటి ఒక చిన్న గదిని కట్టించాడు. వడగట్టిన గాలిని పైనుంచి కిందికి ప్రవహింపజేశాడు. వైద్యులు వదిలే ఊపిరిని కూడా గొట్టాలతో బయటికి లాగించాడు. పదేళ్ళలో చీము ఒక శాతం కంటె తక్కువకు దిగింది. హాంబర్గులో బుక్‌హోల్జ్ ఇంకొక దారి తొక్కి, కీలును ఎముకకు అతికించే సిమెంటులోనే జెంటమైసిన్ అనే మందు కలిపాడు. 1970లో దాన్ని ప్రకటించాడు. రెండూ గొప్ప పనులే. ఈనాటికీ అందరూ ఆ దారుల్లోనే నడుస్తున్నారు. కాని గాలిని శుభ్రపరచినా, సిమెంటులో మందు కలిపినా, లోహపు ఉపరితలం మాత్రం అలాగే ఉంది. యుద్ధం జరుగుతున్నది అక్కడేనని ఎవరైనా చూపించాలి.

చూపించిన ప్రయోగం అంతకుముందే ఒకటి జరిగిపోయింది. 1957లో లండనులో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి చర్మంలోకి స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియాను ఎక్కించారు. ఈరోజు అటువంటి ప్రయోగానికి ఏ నీతిసంఘమూ ఒప్పుకోదు. చీము పుట్టాలంటే పదుల లక్షల బాక్టీరియా కావలసివచ్చింది. తరువాత అదే బాక్టీరియాను ఒక పట్టుదారపు కుట్టు ఉన్నచోట పెట్టి చూశారు. కొన్ని వందలతోనే చీము పుట్టింది! ఒక్క దారపు పోగు పక్కన ఉన్నందువల్ల శరీరపు రక్షణ దాదాపు పదివేల రెట్లు పడిపోయిందన్న మాట. దారమే అంత పని చేస్తే, రెండు జానల ఇనుము సంగతి ఊహించుకోవచ్చు.

ఎందువల్ల ఇలా జరుగుతుందో చెప్పినవాడు జె. విలియమ్ కాస్టర్టన్. 1978లో ఆయన, సహచరులు బాక్టీరియా ఒంటరిగా ఈదులాడే జీవులన్న భావనను పక్కకు నెట్టారు. ప్రకృతిలో అవి ఎక్కువగా ఏదో ఒక ఉపరితలాన్ని అంటిపెట్టుకొని, తమ చుట్టూ జిగురు అల్లుకొని, కాలనీలుగా బతుకుతాయి. దీన్నే బయోఫిల్మ్ అంటున్నారు. తెలుగులో దీనికి కొత్త మాట కల్పించనక్కరలేదు, పాచి అనే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. నూతి గట్టు మీద జారేది పాచి, నిద్ర లేవగానే పళ్ళ మీద ఉండేది పాచి. పుక్కిలిస్తే పళ్ళ పాచి పోదు, తోమవలసిందే. లోహం మీద పట్టిన పాచి కూడా అంతే. అందులోని బాక్టీరియాను చంపడానికి మామూలుకంటె వందల రెట్లు, కొన్నిసార్లు వెయ్యి రెట్లు మందు కావాలి. అంత మందును మనిషి తట్టుకోలేడు. పైగా అందులో కొన్ని బాక్టీరియా దాదాపు నిద్రావస్థలో ఉంటాయి. పెరిగే బాక్టీరియాను కొట్టే మందు నిద్రపోయేవాటిని ఏం చేస్తుంది? మందు ఆపగానే అవి లేస్తాయి. మా మామయ్య తొడలో చీము ఆగుతూ కారుతూ ఉండడానికి కారణం ఇది. ఆ రోజు వైద్యుడు చెప్పింది అక్షరాలా నిజం.

1987లో అమెరికా వైద్యుడు ఆంథొనీ గ్రిస్టీనా సైన్స్ పత్రికలో ఈ మొత్తం వ్యవహారాన్ని ఒక పందెంగా వర్ణించాడు. లోహం శరీరంలోకి దిగిన క్షణం నుంచి దాని ముఖం కోసం ఇద్దరు పరుగెడతారు: మన ఎముక కణాలు, బాక్టీరియా. ముందు చేరినవాడిదే స్థలం. ఎముక కణాలు ముందు చేరితే కాలు పెట్టే చోటు లేక బాక్టీరియా రక్తంలోనే చిక్కి చస్తాయి. బాక్టీరియా ముందు చేరితే పాచి కట్టేస్తాయి, ఆ తరువాత ఎముక దగ్గరికి రాదు. కొనేది ఒకే జాగా, కొనుగోలుదారులు ఇద్దరు. ఈ వ్యాసాన్ని చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఏమిటంటే, లిస్టర్ నుంచి చార్న్‌లీ దాకా అందరూ రెండవ పరుగువాడిని ఆపాలని చూశారు. బ్రోనెమార్క్ మొదటివాడికి సాయం చేశాడు. ఒకే ముఖం మీద రెండు పనులూ ఒకేసారి చేయాలని ఎవరూ అనుకోలేదు.

ఇక్కడ పింగాణీ కథలో ప్రవేశిస్తుంది. అది వేరే దారిలో వస్తూ ఉంది. అపటైట్ అనే ఖనిజానికి 1786లో వెర్నర్ అనే జర్మను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. గ్రీకులో మోసగించడం అని అర్థం. చూసేవారు దాన్ని వేరే రాళ్ళనుకొని పదేపదే మోసపోయేవారట. 1926లో డి యాంగ్ ఎక్స్‌కిరణాలతో ఎముకను పరీక్షించి, అందులోని ఖనిజం అపటైట్ జాతిదని తేల్చాడు. మోసగత్తె రాయి మన ఒంట్లోనే ఉంది!

1967లో ఫ్లారిడా విశ్వవిద్యాలయపు యువ ఆచార్యుడు లారీ హెంచ్ న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సైనిక సమావేశానికి బస్సులో పోతున్నాడు. ఆయన పని గాజుపదార్థాల మీద. పక్కసీటులో వియత్నాం నుంచి వచ్చిన ఒక కర్నలు కూర్చున్నాడు. సైనికుల ప్రాణాలు నిలబెట్టగలుగుతున్నాంగాని కాళ్ళూ చేతులూ నిలబెట్టలేకపోతున్నామనీ, లోపల పెట్టిన లోహాలనూ ప్లాస్టిక్కులనూ శరీరం వెళ్ళగొడుతున్నదనీ, శరీరం ఒప్పుకునే పదార్థం చేయగలరా అనీ ఆ కర్నలు అడిగాడు. 1969లో హెంచ్ ఇసుక, సోడియం, కాల్షియం, ఫాస్ఫరస్ ఆక్సైడులు కలిపి ఒక గాజు చేశాడు. సహచరుడు గ్రీన్‌లీ దాన్ని ఎలుకల తొడ ఎముకల్లో పెట్టాడు. ఆరు వారాలకు తీయబోతే రాలేదు. లాగినా, నెట్టినా, కదలలేదు. గాజు ముఖం మీద అపటైట్ పొర పుట్టి, దానికి ఎముక అతుక్కుంది. బయోగ్లాస్ అదే. అయితే గాజు పెళుసు, తుంటి బరువు మోయలేదు. దాన్ని లోహం మీద పూతగా వేయబోతే లోహం వ్యాకోచించే తీరు వేరు, గాజు తీరు వేరు. చల్లారేటప్పుడు బీటలు వారేది.

పూత పనికి అక్కరకు వచ్చినది హైడ్రాక్సీఅపటైట్. 1980ల నడుమ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో క్లాస్ డి గ్రూట్, సహచరులు దాని పొడిని ప్లాస్మా జ్వాలలోకి చిమ్మి లోహం మీద పూసే పద్ధతిని స్థిరపరచారు. ప్లాస్మా అంటే పదివేల డిగ్రీలు దాటిన వాయువు. పొడి రేణువు అందులో ఉండేది రెప్పపాటులో ఎన్నో వంతు మాత్రమే. పైన కరిగి, లోపల గట్టిగా, పెనం మీద పడిన పిండిబొట్టులా లోహం మీద చప్పున పరుచుకుంటుంది. అలా బొట్టు మీద బొట్టు పడి 50 నుంచి 200 మైక్రాన్ల పొర తయారవుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 1985లో ఇంగ్లండులో రోనాల్డ్ ఫర్లాంగ్ ఇటువంటి పూత వేసిన తుంటి కాడను ఒక రోగికి అమర్చాడు. మరుసటి ఏడు నెదర్లాండ్స్‌లో గీసింక్ అదే పని చేశాడు. సిమెంటు అక్కరలేదు, ఎముకే వచ్చి పట్టుకుంటుంది.

ఒక పక్కమాట. పూత ఎంత కరుగుతున్నదో తెలియాలంటే ద్రవంలోకి వచ్చిన ఫాస్ఫేటును కొలవాలి. ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ పద్ధతికి ఫిస్కే-సుబ్బారో అనే పేరు ఉంది. అంతేకాదు, పూత మీద కొత్త ఎముక ఎప్పుడు ఎంత పెరిగిందో చూడడానికి జంతువులకు టెట్రాసైక్లిన్ ఇస్తారు. అది కొత్తగా ఏర్పడే ఎముకలోని కాల్షియాన్ని పట్టుకొని, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా వెలుగుతుంది. ఆ జాతి మందులలో మొదటిది ఆరియోమైసిన్. సుబ్బారావుగారు లెడర్లీలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడు అక్కడ డగ్గర్ కనుగొన్నాడు. 1948లో అది వెలుగు చూసింది, ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఎముక పూతల శాస్త్రంలో ఆయన పేరు ఎక్కడా పెద్దగా కనిపించదు గాని, ఆ శాస్త్రపు కొలబద్దల్లో రెండింటి మీద ఆయన వేలిముద్ర ఉంది.

తిరిగి కథలోకి. హైడ్రాక్సీఅపటైట్ పూత పందెంలో మొదటి పరుగువాడికి గొప్ప సాయం. కాని గరుకుగా, సందులు సందులుగా ఉన్న ఆ ముఖం ఎముక కణానికి ఎంత ఆహ్వానమో, దానికంటె ఎంతో చిన్నదైన బాక్టీరియాకు కూడా అంత ఆహ్వానమే. గ్లూక్ దంతం కథ మళ్ళీ మొదటికి వచ్చింది. అయితే పూతలోనే మందు కలిపితే? ఇక్కడ అడ్డం వచ్చినది నిప్పు. జెంటమైసిన్ వంటివి సేంద్రియ అణువులు. పదివేల డిగ్రీల జ్వాల దరిదాపులకు వెళితే బూడిదే. చల్లారాక ద్రావణంలో ముంచి ఎక్కించవచ్చు గాని, అలా ఎక్కించినది తొలి గంటలలో, రోజులలో చాలావరకు కారిపోతుంది. పైగా 1961 నాటికే మెథిసిలిన్‌ను లెక్కచేయని స్టాఫిలోకాకస్ ఇంగ్లండులో కనిపించింది. కాబట్టి నిప్పులో చావనిది, బాక్టీరియా సులువుగా మాలిమి చేసుకోలేనిది కావాలి.

వెండి. 1880 ప్రాంతంలో లైప్జిగ్‌లో క్రెడే అప్పుడే పుట్టిన శిశువుల కళ్ళలో సిల్వర్ నైట్రేటు చుక్కలు వేసి, తల్లినుంచి సోకే గుడ్డితనాన్ని అరికట్టాడు. నేగెలి రాసినది 1893లో ఆయన మరణానంతరం అచ్చయింది. నీటిలో కంటికి కనబడనంత కొద్ది మోతాదులో ఉన్న లోహాలు కూడా సూక్ష్మజీవులను చంపుతాయని అందులో ఉంది. వెండి అయాను బాక్టీరియా ఎంజైములలోని గంధకాన్ని పట్టుకొని వాటిని పనికిరాకుండా చేస్తుంది. మన ఇళ్ళలో పసిపిల్లలకు వెండి ఉగ్గుగిన్నె వాడడాన్ని ఇక్కడ ముడిపెట్టాలని చాలామందికి ఉబలాటం. పూర్వులకు అన్నీ తెలుసుననే వాదం నాకు గిట్టదు. ఉగ్గుగిన్నె వెండిదైంది మేనమామ ముచ్చట కొద్దీ గాని, సూక్ష్మజీవుల భయం కొద్దీ కాదు.

వెండితో చిక్కు ఏమిటంటే, అది మనవాళ్ళనూ పరాయివాళ్ళనూ పెద్దగా వేరు చేయదు. మోతాదు మించితే ఎముక కణాలు కూడా చస్తాయి. ఒంట్లో ఎక్కువగా పేరుకుంటే చర్మం పలకలా నీలి బూడిదరంగుకు తిరుగుతుంది. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో ఎముక కాన్సరు రోగులకు పెట్టే పెద్ద కీళ్ళ మీద అచ్చమైన వెండిపూత వేశారు. ఈ రోగులకు చీము పట్టే ప్రమాదం చాలా ఎక్కువ. 2010లో ప్రకటించిన లెక్క ప్రకారం పూత లేని 74 మందిలో 17.6 శాతానికి చీము పడితే, పూత ఉన్న 51 మందిలో 5.9 శాతానికే పట్టింది. పూత లేనివారిలో చీము పట్టిన కొందరికి చివరికి కాలు తీయవలసి వచ్చింది, పూత ఉన్నవారిలో ఎవరికీ ఆ అవసరం రాలేదు. అయితే ఒక చిన్న వివరం గమనించండి. ఎముక లోపలికి దిగే కాడ మీద మాత్రం వారు వెండి పూయలేదు. ఎముక ఎక్కడ అతుక్కోవాలో అక్కడ విషం పెట్టే ధైర్యం చేయలేదన్న మాట. మా అమ్మమ్మతో వైద్యుడు చెప్పిన రెండు వాక్యాలూ అప్పటికి ఇంకా విడివిడిగానే ఉన్నాయి.

వాటిని కలిపినది జపానులోని సాగా విశ్వవిద్యాలయం. మావతారి, సహచరులు హైడ్రాక్సీఅపటైట్ పొడిలో సిల్వర్ ఆక్సైడును కలిపి, రెండింటినీ కలిపే జ్వాలలో చిమ్మారు. వెండి సుమారు 3 శాతం. ఇందులోని యుక్తి పింగాణీ స్వభావంలోనే ఉంది. జ్వాలలో కరిగి చప్పున చల్లారిన రేణువులలో కొంత భాగం స్ఫటికంగా పేర్చుకునే వ్యవధి లేక గాజులా మిగిలిపోతుంది. పూతలు వేసేవారికి ఇది ఎప్పుడూ ఒక తలనొప్పి, ఎందుకంటే ఆ భాగం శరీరద్రవాలలో త్వరగా కరుగుతుంది. సాగావారు ఆ లోపాన్నే వాడుకున్నారు. కరిగే భాగంతో పాటు వెండి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. పందెంలో ముఖ్యమైన తొలి వారాలలో కాపలా కాస్తుంది. మిగిలిన పింగాణీ ఎముకను పిలుస్తుంది. 2016లో వారు తొలి 20 మంది రోగుల వివరాలు ప్రకటించారు. రక్తంలో వెండి హద్దు దాటలేదు, చర్మం రంగు మారలేదు, కీళ్ళు ఎముకకు అతుక్కున్నాయి. ఆ ఏడే ఆ కీళ్ళు జపానులో వాడుకకు వచ్చాయి.

అదే దేశంలో కనజావాలో త్సుచియా బృందం మన మందుల పెట్టెలోని అయోడిన్‌ను ఎంచుకుంది. టైటానియం మీద సహజంగా ఉండే ఆక్సైడు పొరను విద్యుత్తుతో 5 నుంచి 10 మైక్రాన్ల దాకా మందంగా పెంచి, అందులో ఏర్పడే సూక్ష్మరంధ్రాలలో అయోడిన్ నింపారు. పుట్టుకతో ఉన్న కళాయినే మందంగా చేసి అందులో మందు దాచడమన్న మాట. 2008 నుంచి 2011 మధ్య 222 మందికి అమర్చారు. నాకు ఈ ఉపాయం సాగావారిదానికంటె అందంగా తోస్తుంది. పైనుంచి పూసినది ఎప్పుడైనా పెచ్చులూడవచ్చు, లోహం తనలోంచి పుట్టించుకున్న పొరకు ఆ భయం తక్కువ.

మరి ఈ పూతలు ఊరూరా ఎందుకు లేవు? ఖర్చు ఒక కారణం. అంతకంటె పెద్ద కారణం లెక్కలది. శుభ్రమైన ఆసుపత్రిలో మొదటిసారి కీలు మార్చినప్పుడు చీము పట్టేది నూటికి ఒకరికో ఇద్దరికో. ఆ ఒక శాతాన్ని అర శాతానికి తెచ్చామని నిక్కచ్చిగా నిరూపించాలంటే, పూత ఉన్నవారు నాలుగైదు వేలమంది, లేనివారు అంతేమంది కావాలి. వారిని ఏళ్ళ తరబడి వెంబడించాలి. ఇరవై మందితోనూ, రెండువందల మందితోనూ అది తేలదు. తీరా చీము పట్టిన ఆ ఒక్కరికీ అది నూటికి నూరు. కీలు తీసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాలూ నెలలూ మంచం మీద ఉంచి, మళ్ళీ కొత్త కీలు పెట్టాలి. కాబట్టి ఈ పూతలను ముందుగా ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి వాడడమే సబబని నా అభిప్రాయం: కాన్సరు రోగులకు, ఒకసారి చీము పట్టి మళ్ళీ కీలు పెట్టించుకునేవారికి, ఎముక చర్మాన్ని చీల్చుకొని వచ్చినవారికి.

మా మామయ్య ఎముక చీముతోనే అతుక్కుంది. 1987లో కడ్డీ తీశారు, ఆరు నెలలకు రంధ్రం పూడింది. ఆయన కొంచెం కుంటుతూ మరో పదహారేళ్ళు వ్యవసాయం చేశారు. కడ్డీ తీసిన రోజున నేను ఆసుపత్రి వసారాలోనే ఉన్నాను. గట్టిగా పట్టి ఉంటుందనీ, కొక్కెం తగిలించి సుత్తితో కొట్టి లాగాలనీ, గంటన్నర పట్టవచ్చనీ ముందే చెప్పారు. పావుగంటలో బయటికి వచ్చారు. కొక్కెం వేసి లాగగానే ఒరలోంచి కత్తి వచ్చినట్టు వచ్చేసిందట. మూడేళ్ళున్నా ఎముక దాన్ని ఎక్కడా పట్టుకోలేదు. పంచెగుడ్డ విప్పి చూస్తే ఇప్పటికీ దాని మీద సుత్తి దెబ్బ ఒక్కటి కూడా కనిపించదు.